పార్వతి సంగతి ఎవరడిగారు?

ప్రేమలో దెబ్బతిన్న మగపిల్లాడికి తెలుగునాట ఒక వేషం సిద్ధంగా ఉంటుంది. మాసిన గడ్డం, భుజం మీద శాలువా, చేతిలో సీసా, పక్కన కుక్క. కార్టూను గీసేవాళ్లు ఈ నాలుగూ గీస్తే చాలు, కింద పేరు రాయక్కర్లేదు. ‘వాడు దేవదాసైపోయాడు’ అంటే ఊరంతటికీ అర్థమైపోతుంది. అదే దెబ్బ తిన్న ఆడపిల్లకు మాత్రం వేషమూ లేదు, నానుడీ లేదు. ఫలానా అమ్మాయి ‘పార్వతైపోయింది’ అని ఎవరైనా అనగా విన్నారా? నేనైతే వినలేదు. ‘దేవదాసు’ రాసిన బెంగాలీ రచయిత శరత్‌బాబు పుట్టిన రాష్ట్రంలో ఇన్నేళ్లుగా కాపురం చేస్తూ ఇక్కడా వినలేదు.

మాది బొబ్బిలి. మా ఆయన సౌత్ ఈస్టర్న్ రైల్వేలో గుమాస్తా కావడంతో గార్డెన్ రీచ్ చేరాం. ఉత్తరాంధ్ర వాళ్లకు కలకత్తా పరాయి ఊరేమీ కాదు. ఖరగ్‌పూర్ రైలు వర్క్‌షాపుకీ, టీటాగఢ్ జనపనార మిల్లులకీ మా తాతల నాటి నుంచే పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లున్నారు. మొగుడిక్కడ, పెళ్లామక్కడ, మధ్యన మనియార్డరు. ఎదురుచూడటమంటే ఏమిటో ఆ ఇళ్లలోని ఆడవాళ్లకు ఏ కవీ చెప్పక్కర్లేదు. పక్క క్వార్టర్స్ బౌదీ, అంటే వదినగారు, నాకు బెంగాలీ చదవడం నేర్పింది. ‘దేవదాసు’ను శరత్ రాసిన భాషలోనే చదివాక ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది. ప్రేమ పెట్టే బాధ అన్ని దేశాల సాహిత్యంలోనూ ఉంది. ఆ బాధ ఎవరి నోట పలికించారు, బాధపడ్డ మనిషి ఆ తర్వాత ఏం చేసింది అన్న దగ్గరే ఒక సాహిత్యానికీ మరొకదానికీ తేడా వస్తుంది. మాట్లాడే బాధ మన తెలుగులో దండిగా ఉండేది. దాన్ని అటకెక్కించి, ఒక పడుచువాడు రాసిన కథలో సగాన్ని మాత్రం నెత్తికెత్తుకున్నాం.

పడుచువాడు అన్నది ఊరికే అనలేదు. శరత్‌చంద్ర చట్టోపాధ్యాయ పుట్టింది 1876లో. ‘దేవదాసు’ రాసేనాటికి పాతికేళ్ల కుర్రాడు. ఆ రాతప్రతిని అలాగే వదిలేసి 1903లో రంగూన్ వెళ్లి అక్కడి లెక్కల ఆఫీసులో ఉద్యోగం చేశారు. పుస్తకం అచ్చయింది 1917లో. దాన్ని అచ్చువేయడం ఆయనకు ఇష్టం లేదనీ, తాగి రాసిన రాత అనీ, తలుచుకుంటే సిగ్గేస్తుందనీ మిత్రుడికి ఉత్తరం రాశారనీ ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. అంతకు నూరేళ్లకు పైగా ముందు, 1774లో, జర్మనీలో గోథే కూడా పాతికేళ్లు నిండకుండానే ‘వెర్థర్’ రాశాడు. పరుల ఇల్లాలైన పిల్లను మరవలేక పిస్తోలుతో కాల్చుకునే కుర్రాడి కథ అది. ఐరోపా కుర్రకారు ఆ హీరోలాగే నీలం కోటు, పసుపు లోపలి కోటు వేసుకుని తిరిగారు. లైప్‌జిగ్ నగరంలో పుస్తకంతోపాటు ఆ దుస్తులను కూడా నిషేధించారు. గోథే మాత్రం ఎనభై దాటేదాకా బతికి, బోలెడు రాసి, ఆ తొలి పుస్తకం పేరెత్తితేనే విసుక్కునేవాడు. రచయితలిద్దరూ ఆ వయసు దాటుకుని ముందుకు నడిచారు. పాఠకులు అక్కడే కూలబడ్డారు.

ఇంతకీ ‘దేవదాసు’ నవలలో ఏముంది? ఒక రాత్రి పార్వతి తానే దేవదాసు గదికి వెళ్తుంది. ఎవరైనా చూస్తే బతుకంతా మచ్చ. ఆ సంగతి తెలిసే వెళ్తుంది. నవల మొత్తంలో ప్రేమ కోసం ఎవరైనా తెగించింది అంటే ఆ ఒక్క రాత్రే, తెగించింది ఆమె. దేవదాసు తండ్రికి ఎదురు చెప్పలేక కలకత్తా వచ్చేసి, నీ మీద నాకు అలాంటి ప్రేమ లేదని ఉత్తరం రాస్తాడు. పొరపాటు తెలిసి తిరిగి వెళ్లేసరికి ఆమెకు సంబంధం కుదిరిపోయింది. ఆమె రోషంగా నాలుగు మాటలంటే చేతిలోని గాలం కర్రతో నుదుటి మీద కొడతాడు. నెత్తురు కారుతుంది. ఆ మచ్చను మనం ప్రేమగుర్తుగా చూడటం అలవాటు చేసుకున్నాం. కాస్త ఆగి ఆలోచించండి. ఆమె తానై అడిగి వచ్చినప్పుడు నోరు పెగలనివాడు, ఆ మనిషి చేయి దాటిపోతుంటే కొట్టాడు. ఇది మన వీధిలో జరిగితే ఏమంటాం?

ఆ తర్వాత పార్వతి ఏం చేసిందో శరత్ వివరంగానే రాశారు. తనకంటే పెద్ద పిల్లలున్న ముసలి జమీందారుకు రెండో భార్యగా వెళ్లింది. మొహం ముడుచుకున్న సవతి కూతురికి తన నగలన్నీ ఒలిచి ఇచ్చి దగ్గరకు తీసుకుంది. ఇంటి బరువంతా నెత్తినేసుకుని వచ్చినవాళ్లకు అన్నం పెట్టింది. దేవదాసును ప్రేమించిన వేశ్య చంద్రముఖి కూడా అంతే. వృత్తి మానేసి, ఉన్నదమ్ముకుని ఓ పల్లెలో గుడిసె వేసుకుంది. దేవదాసు జాడ కోసం మళ్లీ కలకత్తా వచ్చి, వీధిలో పడి ఉన్నవాణ్ణి వెతికి పట్టి బాగుచేసింది. బాధను భరిస్తూనే ఇద్దరూ ఏదో ఒక పని చేస్తూ బతికారు. తాగుతూ తిరిగింది మూడోవాడొక్కడే.

చివర్లో దేవదాసు పాండువా స్టేషన్‌లో దిగిపోతాడు. హౌరా నుంచి బర్ధమాన్ వెళ్లే మెయిన్ లైను మీద ఈ స్టేషన్ ఇప్పటికీ ఉంది, లోకల్ బళ్లు ఆగుతాయి. అక్కడినుంచి ఎద్దుబండిలో పార్వతి అత్తవారి ఊరికి వెళ్లి, ఆ ఇంటి ముందు చెట్టు కింద ప్రాణం వదులుతాడు. దిక్కులేని శవంగా కాలీ కాలకుండా కాలుస్తారు. శరత్ ఈ చావుకు పూలు చల్లలేదు. ఇటువంటి అభాగ్యుడు ఎక్కడైనా తగిలితే అతనికోసం ప్రార్థించమనీ, నుదుటి మీద ఆత్మీయుల చెయ్యి లేకుండా ఎవరూ పోకూడదనీ పాఠకుణ్ణి వేడుకుంటారు. దయ ఉంది, మెచ్చుకోలు లేదు. కానీ సరిగ్గా అక్కడే ఇంకో మాట కూడా అంటారు. ఇన్నాళ్లకు పార్వతి ఏమైందో తనకు తెలియదట, కనుక్కోవాలని కూడా అనిపించడం లేదట! నూరేళ్లుగా మనం శరత్ మాట జవదాటలేదు. ఎవరం కనుక్కోలేదు.

అన్ని సాహిత్యాలూ ఇంత నిర్లక్ష్యంగా లేవు. నిజామీ 1188లో పారశీకంలో ‘లైలా మజ్నూ’ రాశాడు. పిచ్చిపట్టి ఎడారిలో జంతువుల మధ్య తిరిగిన మజ్నూ అందరికీ తెలుసు. లైలా తన గోడు వెళ్లబోసుకునే ఘట్టం అంతమందికి తెలియదు. మజ్నూకు ఎడారైనా ఉంది, అరుచుకుంటూ తిరగొచ్చు. తనకు తండ్రి భయం, మొగుడి భయం, బయటికి ఏడ్చే వీలైనా లేదు, కాబట్టి తన బాధే ఎక్కువ అంటుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక కవికి ఈ లెక్క తట్టింది. మన కాళిదాసు యక్షుడు మగవాడే, అతనిదీ విరహమే. కానీ ‘మేఘదూతం’లో అతను తన కన్నీళ్ల కంటే అలకానగరంలో ఒంటరిగా ఉన్న భార్య ఎలా చిక్కిపోయిందో, రోజులెలా లెక్కపెడుతోందో ఎక్కువగా ఊహించుకుంటాడు. శాపం ఏడాదే, ఇంకా నాలుగు నెలలే మిగిలాయని ధైర్యం చెప్పి పంపుతాడు. అవతలి మనిషి బాధ గుర్తున్న మగాడు ఎలా ఉంటాడో చూడాలంటే అతణ్ణి చూడాలి.

తెలుగులో ఈ సంపద సంగతి చెప్పనే అక్కర్లేదు. శాతవాహన హాలుడి పేరున్న ‘గాథాసప్తశతి’ ప్రాకృతమే అయినా అందులో మన గోదావరి గట్లున్నాయి, నిష్ఠూరాలాడే ఆడవాళ్లున్నారు. పదిహేడో శతాబ్దంలో మువ్వ క్షేత్రయ్య పదాల్లో నాయిక వేరొకతె దగ్గరినుంచి వచ్చిన మువ్వగోపాలుణ్ణి గడపలోనే నిలబెట్టి దులిపేస్తుంది. బాధ ఉంది, దానికి నోరుంది, వినడానికి చెలికత్తె ఉంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ విరహంతో వేగిపోతూనే కృష్ణుడికి ఉత్తరం రాస్తుంది, చెలికత్తె మాధవితో వాదిస్తుంది, తన పేరు చెప్పుకోవడంలో టెక్కు ఏమాత్రం తగ్గించదు. ఇవన్నీ చాలావరకు మగవాళ్లు ఆడగొంతుతో కట్టినవేగదా అంటారేమో. నిజమే. అయితే పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని ఉంది. ‘రాధికా సాంత్వనము’లో తాను పెంచిన ఇళాదేవిని తానే కృష్ణుడికి కట్టబెట్టి, ఆ తర్వాత దహించుకుపోయే రాధను ఒక ఆడది రాసింది. ఇచ్చేసినందుకు పశ్చాత్తాపం, ఇచ్చినదాని మీద అసూయ, తీసుకున్నవాడి మీద కోపం, మూడూ ఒకే గుండెలో. ఆఖరికి కృష్ణుడే దిగివచ్చి బతిమాలుకోవాలి. బెంగాల్ సొంతం చేసుకున్న జయదేవుడి కృష్ణుడూ రాధ కాళ్లు పట్టుకుంటాడు కదా! బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో అచ్చువేయిస్తే బూతు అని ముద్రవేసి తెల్లదొరతనం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యాకగాని ఆ నిషేధం తొలగలేదు. ఆడదాని బాధ మాట్లాడితే బూతు. మగాడి బాధ తాగి వాగితే వేదాంతం. మన ఇరవయ్యో శతాబ్దపు అభిరుచి ఈ రెండు ముక్కల్లో తేలిపోతుంది.

మా గార్డెన్ రీచ్‌కు ఆనుకునే మటియాబుర్జ్ ఉంది. 1856లో ఇంగ్లీషువాళ్లు అవధ్ రాజ్యాన్ని లాక్కుంటే వాజిద్ అలీ షా కలకత్తా చేరి, 1887లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. సమాధి కూడా అక్కడి సిబ్తైనాబాద్ ఇమాంబాడాలోనే. ఆయన కట్టినదిగా చెప్పుకునే ఒక ఠుమ్రీ పుట్టిల్లు వదిలి వెళ్తున్న పెళ్లికూతురి గొంతుతో సాగుతుంది. రాజ్యం పోగొట్టుకున్న నవాబుకు తన దుఃఖం చెప్పుకోవడానికి పెళ్లికూతురి గొంతు కావలసి వచ్చింది. 1938లో ‘స్ట్రీట్ సింగర్’ సినిమాలో ఆ ఠుమ్రీని దేశమంతటికీ వినిపించింది కె.ఎల్. సైగల్. కలకత్తా న్యూ థియేటర్స్ వారి హిందీ ‘దేవదాస్’లో దేవదాసూ ఆయనే. ఒకే గాయకుడు, ఒకే స్టూడియో. ఆ నవాబు బాధ మనకు సంగీతంగా మిగిలింది. దేవదాసు బాధను మాత్రం బతికే పద్ధతిగా తీసుకున్నాం.

శరత్ ‘దేవదాసు’ రాస్తున్న రోజుల్లోనే, 1901లో, రవీంద్రనాథ్ ఠాగూర్ ‘నష్టనీడ్’ రాశారు. సత్యజిత్ రాయ్ 1964లో ‘చారులత’గా తీసిన కథ ఇదే. పత్రిక పనిలో మునిగిపోయిన భూపతి, ఇంట్లో ఏమీ తోచని భార్య చారు, ఆమెతో సాహిత్యం మాట్లాడే మరిది అమల్. అమల్ సీమకు వెళ్లిపోయాక చారు బాధ చూడండి. సంసారం నడుపుతూ, వంట పురమాయిస్తూ, ఎవరూ లేని చోట చూసుకుని ఏడుస్తుంది. గుట్టుగా సీమకు తంతి కొట్టిస్తుంది. భర్తకు తెలిసిపోతుంది. ఇద్దరూ బతికే ఉంటారు, ఇద్దరికీ పూడని గండి. ఇందులో తాగుబోతు లేడు, చెట్టు కింద చావు లేదు. అందుకే ఇది ఇంకా బరువైన కథ. ఇక జోడాసాంకో ఠాగూర్ ఇంట్లోనే రవీంద్రుడి వదిన కాదంబరీ దేవి 1884లో ఆత్మహత్య చేసుకున్నారు. ఆ లోటు గురించి ఆయన ముసలితనం దాకా రాస్తూనే ఉన్నారు. ఆమె తన మాటగా చెప్పింది మాత్రం మనదాకా రాలేదు. కథల్లోనేగాక పెద్దింటి చరిత్రలోనూ పార్వతి సంగతి ఎవరూ కనుక్కోరు.

ఇప్పుడు మన 1953 ‘దేవదాసు’కు వద్దాం. శరత్‌ను తెలుగువాడే అని పాఠకులు భ్రమపడేంతగా చక్రపాణి వంటివారు అప్పటికే అనువదించి పెట్టారు. వినోదా వారి సినిమాకు వేదాంతం రాఘవయ్య దర్శకుడు. సముద్రాల మాటలూ పాటలూ, విడుదల చూడకుండానే వెళ్లిపోయిన సి.ఆర్. సుబ్బరామన్ సంగీతం, ఘంటసాల గొంతు, అక్కినేని, సావిత్రి. ఇందులో ఎవరికి వంకపెట్టినా పాపం తగులుతుంది. తాగుడు అలవాటు లేని నాగేశ్వరరావు పెరుగన్నం కడుపునిండా తిని, రాత్రిపూట షూటింగులో కళ్లు వాల్చి నటించారని కథలుకథలుగా చెప్పుకుంటారు. సావిత్రి పార్వతిని చూసి ఏడవని ఆడదీ మగాడూ లేరు. కానీ ఏం జరిగిందంటే, నవలలో లేని పాటలు వచ్చి చేరాయి. వేమన పద్యాలు, బైరాగి తత్వాలు విని పెరిగిన చెవులు మనవి. తాగినవాడి గొంతులో లోకమంతా భ్రాంతి అన్న మాట వినపడగానే మనకు యోగి కనిపించాడు. అతను చేసిన తప్పు లోకం తీరుగా మారిపోయింది. గాలం కర్ర దెబ్బ మరిచిపోయాం, సీసా గుర్తుపెట్టుకున్నాం. రాఘవయ్యగారు పుట్టింది కూచిపూడిలో, సత్యభామ ఊళ్లో! నోరున్న నాయిక ఊరినుంచి వచ్చిన మనిషి చేతిమీదుగా నోరులేని పార్వతి మన ఇంటికొచ్చింది. సత్యభామను కూడా వెంట తీసుకురమ్మని ప్రేక్షకులు ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఈ వేషం వారసత్వంగా నడిచింది. నవల అచ్చయిన సరిగ్గా నూరేళ్లకు, 2017లో, ‘అర్జున్ రెడ్డి’ వచ్చింది. అందులోనూ గడ్డం, మందు, కుక్క. అందులోనూ దెబ్బ. అతను పాడైపోవడం సినిమా నిండా చూశాం. ఆ అమ్మాయి అదే కాలంలో కడుపుతో ఒంటరిగా ఎలా నెట్టుకొచ్చిందో ఆఖర్న నాలుగు మాటల్లో తేల్చేశారు. థియేటర్లో ఈలలు ఎవరికి పడ్డాయో చెప్పక్కర్లేదు.

మగపిల్లలకు ఏడ్చే హక్కు లేదా అని అడిగేవాళ్లున్నారు. నా కొడుకే అడిగాడు. ఏడవనివ్వని సమాజంలో దేవదాసే వాళ్లకు దొరికిన ఒక్క దారి అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. తెలుగిళ్లలో మగపిల్లాడు గుండె పగిలి కూర్చుంటే, మగాడివై ఉండి ఏమిట్రా అంటారుగాని, దగ్గర కూర్చుని వినేవాళ్లు తక్కువ. సత్యభామకు మాధవి ఉంది, దేవదాసుకు తాగుడు నేర్పిన స్నేహితుడు దొరికాడు. కానీ ఏడవడం వేరు, నా ఏడుపు ముందు నీదెంత అనడం వేరు. దేవదాసు ఏడుపులో అవతలి మనిషికి చోటు లేదు. అక్కడినుంచి, నన్ను ఇంత బాధపెట్టిన దాన్ని ఊరికే వదలను అనే దాకా దూరం చాలా కొంచెం. ప్రేమ పేరుతో ఆడపిల్లల మీద యాసిడ్ పోసిన వార్తలు, కత్తి దూసిన వార్తలు మన పత్రికల్లో చదివినవాళ్లెవరికీ ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. సినిమా చూసి చేశారని నేననను. తన బాధే పెద్దదనుకునే మగవాణ్ణి నూరేళ్లుగా నెత్తిన పెట్టుకున్న సమాజంలో ఆ కుర్రాళ్లు పెరిగారని మాత్రం అంటాను.

కాబట్టి అడిగేది ఇదీ. తెలుగు పాఠాలు చెప్పేవాళ్లు ‘దేవదాసు’ పక్కన ‘నష్టనీడ్’నూ ముద్దుపళనినీ పెట్టి చదివించండి. పిల్లలే పోల్చుకుంటారు. మళ్లీ ఎవరైనా ఈ కథ తీయదలుచుకుంటే పెళ్లి తర్వాతి పార్వతి దగ్గర మొదలుపెట్టండి. శరత్ వదిలేసిన కథ అక్కడ నిండుగా ఉంది. ఇంట్లో కుర్రాడు గడ్డం పెంచుకుని తలుపేసుకుంటే పెద్దవాళ్లు నవ్వుకోకండి, ఘంటసాల పాట పెట్టి ఆటపట్టించకండి. లోపలికెళ్లి కూర్చోండి, అన్నం పెట్టండి, ఎంతసేపు మాట్లాడితే అంతసేపు వినండి. వాడి ఏడుపు అయ్యాక, ఆ అమ్మాయికి కూడా ఒక మనసుంది, ఆమె కాదంటే ఆ మాటకు విలువుంది అని నచ్చజెప్పండి. అలాగే మీ ఇంట్లో మనసు చంపుకుని పెళ్లిపీటల మీద కూర్చున్న ఆడపిల్ల ఉంటే, ఎలా ఉన్నావమ్మా అని ఆమెను కూడా అడగండి.